తాళంచెవి మంచిదే!

నెలాఖరు. సాయంత్రం నాలుగూ పది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఓ ఫ్యాక్టరీ. అకౌంట్స్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. పదకొండోసారి 'లాగిన్' బటన్ నొక్కారు. తెర మీద చక్రం తిరిగింది. ఏదో ఎర్రగా మెరిసింది. మళ్లీ మొదటి పేజీ!

ఆయన వయసు 57. ఆ కంపెనీలో సర్వీసు 30 ఏళ్లు. చేత్తో లెడ్జర్లు రాసిన రోజుల్నుంచీ ఉన్నారు. నాలుగొందల మందికి పైగా కార్మికుల జీతాల పట్టిక ఆయన చేతిమీదుగానే వెళ్తుంది. కుర్ర అకౌంటెంట్ లెక్కలు ఎక్కిస్తాడు. పెద్దాయన సరిచూసి ఆమోదిస్తేనే ఫైలు బ్యాంకుకు చేరుతుంది. అదీ ఆరు గంటల్లోగా. దాటిందా... ఆ తర్వాత వరసగా రెండు రోజులు బ్యాంకు సెలవులు. ఒకటో తారీఖున ఇంటద్దె కట్టాల్సినవాళ్లున్నారు. చిట్టీ డబ్బు కట్టాల్సినవాళ్లున్నారు. కిరాణా కొట్లో పద్దు తీర్చి మళ్లీ సరుకులు తెచ్చుకోవాల్సినవాళ్లున్నారు.

రెండు నెలల ముందు వరకూ ఆయనకు ఈ బాధ లేదు. మెయిల్‌కి ఒకటి, సెలవులకి ఒకటి, కొనుగోళ్లకి ఒకటి, జీతాలకి ఒకటి, స్టోర్సుకి ఒకటి... మొత్తం అయిదు పాస్‌వర్డ్‌లు. అన్నీ ఓ చిన్న డైరీలో రాసి సొరుగులో పెట్టుకునేవారు. అలా రాసిపెట్టుకోవడం ప్రమాదమని కంప్యూటర్ విభాగంవాళ్లు కొత్త పద్ధతి తెచ్చారు. దాని పేరు 'సింగిల్ సైన్-ఆన్'. ఒక్కసారి ఒక్కచోట లాగిన్ అయితే చాలు, అన్ని సాఫ్ట్‌వేర్లూ తెరుచుకుంటాయి. పెద్దాయన కూడా సంతోషించారు. డైరీలో పేజీలు చింపేశారు.

ఇప్పుడు ఆ ఒక్క తాళంచెవే పనిచేయడం లేదు!

అందరిదీ ఒకటే మాట

పక్క సీటు కుర్రాడు వచ్చి 'పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టారా సార్' అన్నాడు. స్టోర్సు నుంచి వచ్చినతను 'క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉందేమో చూడండి' అన్నాడు. మేనేజర్ తలుపు దగ్గరే నిలబడి 'మీ వయసువాళ్లకి ఇవన్నీ కష్టమేలెండి' అంటూ నవ్వి వెళ్లిపోయాడు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ పెద్దాయనకు మాత్రం గుచ్చుకుంది. రెండుసార్లు పాస్‌వర్డ్ మార్చారు. రెండుసార్లూ ఫలితం అదే. రిటైర్మెంట్‌కి ఇంకా 14 నెలలు ఉంది. ముందుగానే తప్పుకుంటే పోతుందేమో... ఆ ఆలోచన కూడా వచ్చింది. లెక్కల్లో ఏనాడూ పైసా తేడా రానివ్వని మనిషికి, తన మీద తనకే అనుమానం కలగడం కంటే నరకం ఏముంటుంది?

నాలుగుంబావుకి మాదాపూర్‌లోని హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశారు. ఎత్తింది ఓ పాతికేళ్ల అమ్మాయి.

'పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నానేమో తల్లీ. కావాలంటే అదేంటో నీకు చెబుతాను' అన్నారాయన.

'వద్దు సార్. నాకే కాదు, ఎవరికీ చెప్పొద్దు. ముందు నాకు ఒక సంగతి చెప్పండి. మీ మెయిల్ తెరుచుకుంటోందా?'

'ఆ... తెరుచుకుంటోంది.'

'సెలవులు పెట్టుకునే పేజీ?'

చూశారు. అదీ తెరుచుకుంది.

'అయితే మీ పాస్‌వర్డ్‌కి ఏ లోటూ లేదు సార్. తాళంచెవి మంచిదే. ఆ ఒక్క తలుపు సంగతే చూడాలి.'

గంట నుంచీ ఆయన వినాలనుకున్న మాట అది.

ఆ అమ్మాయి ఓపికకు ఓ కారణం ఉంది. వాళ్ల నాన్న ఆర్టీసీ కండక్టర్. టికెట్లు చింపే రోజులు పోయి చేతికి మెషీన్ వచ్చిన కొత్తలో, నడిరోడ్డు మీద అది ఆగిపోతే 'నాకే చేతకావడం లేదమ్మా' అని ఇంటికొచ్చి దిగులుపడేవాడు. చివరికి చూస్తే బ్యాటరీ పాడైంది. ముందు మెషీన్‌ని అడగాలి, తర్వాతే మనిషిని... అన్న పాఠం ఆమె అప్పుడే నేర్చుకుంది.

కరణంగారి చీటీ

అసలు ఒక్క లాగిన్‌తో ఇన్ని తలుపులు ఎలా తెరుచుకుంటాయి? పాతకాలం కరణంగారి చీటీని గుర్తుచేసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఊరివాడు పొరుగూరు పనిమీద వెళ్తుంటే 'ఈ చీటీ తెస్తున్న ఫలానావాడు మా ఊరివాడే, నేనెరుగుదును' అని రాసి సంతకం చేసి ఇస్తే, అవతలివాళ్లు ఆ మనిషిని ఎరగకపోయినా చీటీని నమ్మి పని చేసిపెట్టేవారు.

కంపెనీల్లో జరిగేదీ అదే. ఉద్యోగి పాస్‌వర్డ్ తెలిసేది ఒక్క గుర్తింపు సర్వర్‌కే. జీతాల సాఫ్ట్‌వేర్ తెరవబోతే అది మనల్ని ఆ సర్వర్ దగ్గరకు పంపుతుంది. సర్వర్ పాస్‌వర్డ్ సరిచూసుకుని, డిజిటల్ సంతకం పెట్టి ఓ చీటీ ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని మోసుకెళ్లి జీతాల సాఫ్ట్‌వేర్ చేతిలో పెడుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. ఆ చీటీ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాల్లో ఎక్కువ కంపెనీలు వాడేవాటిలో ఒకటి ఎస్ఏఎంఎల్. దాని 2.0 రూపం 2005లో వచ్చింది.

చీటీ అందుకున్న సాఫ్ట్‌వేర్ నాలుగు విషయాలు చూస్తుంది. సంతకం అసలుదేనా? గడువు దాటలేదు కదా? చీటీ రాసింది నాకేనా, వేరెవరికైనానా? అందులోని పేరు నా రిజిస్టర్లో ఉందా? నాలుగింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా తలుపు తెరుచుకోదు. వీటిలో ఏ ఒక్కదానికీ పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టడంతో సంబంధం లేదు. తమాషా ఏమిటంటే, లాగిన్ కాకపోతే అందరూ మొదట అనుమానించేది పాస్‌వర్డ్‌నే!

ఆ అనుమానానికి పెద్ద వయసే ఉంది. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో, ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునే ఏర్పాటు చేసిన ఫెర్నాండో కోర్బాటో బృందం ఎవరి ఫైళ్లు వారికే ఉండాలని పాస్‌వర్డ్‌లు పెట్టింది. 1962లోనే అక్కడి పరిశోధక విద్యార్థి అలన్ షెర్, తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాలక, మొత్తం పాస్‌వర్డ్‌ల జాబితానే ప్రింటు తీయించుకున్నాడు. అలా పుట్టీ పుట్టగానే పాస్‌వర్డ్‌కి చిక్కులు మొదలయ్యాయి. 1980ల్లో అదే ఎంఐటీలో 'కెర్బెరోస్' అనే పద్ధతి తయారైంది. గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారం దగ్గర కాపలా కాసే మూడు తలల కుక్క పేరది. ప్రతి సర్వర్‌కీ పాస్‌వర్డ్ చెప్పే పని లేకుండా, ఒకచోట గుర్తింపు చూపి టికెట్ తీసుకోవడం అందులోని కిటుకు. ఈనాటికీ ఆఫీసుల విండోస్ నెట్‌వర్కుల్లో అది పనిచేస్తూనే ఉంది.

ఒక్కో తీగా లాగుతూ...

మళ్లీ పటాన్‌చెరుకి వద్దాం. గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

'సార్, రెండోసారి లాగిన్ నొక్కినప్పుడు పాస్‌వర్డ్ అడిగిందా?'

పెద్దాయన ఆలోచించారు. 'లేదమ్మా. అడక్కుండానే చక్రం తిరిగింది.'

'అంటే గుర్తింపు సర్వర్ మిమ్మల్ని గుర్తుపట్టింది. చీటీ కూడా ఇచ్చింది. అవతల తలుపు దగ్గరే వద్దంటున్నారు. ఇప్పుడు మీ పక్కనున్నవాళ్లని అదే సాఫ్ట్‌వేర్ తెరవమనండి.'

కుర్ర అకౌంటెంట్ తన కంప్యూటర్లో తెరిచాడు. తెరుచుకుంది.

దాంతో రెండు అనుమానాలు తీరిపోయాయి. మొదటిది సంతకం. చీటీ మీద సర్వర్ పెట్టే డిజిటల్ సంతకాన్ని సరిచూసే సర్టిఫికెట్‌కి ఓ గడువు తేదీ ఉంటుంది. ఏడాదో, మూడేళ్లో. ఎవరూ గుర్తుపెట్టుకోకపోతే ఓ శుభముహూర్తాన అది కాస్తా ముగుస్తుంది. పాత సర్టిఫికెట్ తీసి కొత్తది పెట్టి, ఆ సంగతి అవతలివైపు చెప్పకపోయినా అంతే. అప్పుడు ఒక్కరికి కాదు, ఆఫీసు మొత్తానికీ తలుపు మూసుకుంటుంది. రెండోది గడియారం. చీటీ సాధారణంగా కొన్ని నిమిషాలే చెల్లుతుంది. దొంగ చేతిలో పడినా పనికిరాకుండా ఈ జాగ్రత్త. రెండు సర్వర్ల గడియారాల మధ్య తేడా వస్తే, ఇప్పుడే రాసిన చీటీ కూడా అవతలివారికి పాతదిగానో, రేపటిదిగానో కనిపిస్తుంది. కెర్బెరోస్‌లో మామూలుగా ఒప్పుకునే తేడా 5 నిమిషాలు. ఇదీ అందరికీ వచ్చే జబ్బే. కుర్రాడికి తెరుచుకుందంటే ఈ రెండూ కావు.

'ఇప్పుడు బ్రౌజర్‌లో ప్రైవేటు విండో తెరిచి ప్రయత్నించండి సార్.'

ఇందుకూ కారణం ఉంది. బ్రౌజర్ దాచిపెట్టుకునే పాత కుకీలు ఒక్కోసారి కొత్త లాగిన్‌కి అడ్డం పడతాయి. ప్రైవేటు విండోలో ఆ పాత సరుకు ఉండదు. బ్రౌజర్‌లే అలవాటు మార్చుకోవడమూ ఉంది. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ బ్రౌజర్ 80వ వెర్షన్, ఒక సైటు నుంచి మరో సైటుకి వెళ్లేటప్పుడు కుకీలను పంపే నియమాలను బిగించడం మొదలుపెట్టింది. భద్రతకు మంచిదే. కానీ ముందుగా సవరించుకోని కొన్ని లాగిన్ ఏర్పాట్లు చిక్కులో పడ్డాయి. కరోనా రోజుల్లో అత్యవసర సైట్లు ఆగకూడదని ఏప్రిల్‌లో ఆ మార్పును వెనక్కి తీసుకుని, జులైలో మళ్లీ మొదలుపెట్టారు. అప్పుడు కూడా ఎందరో ఉద్యోగులు తమ పాస్‌వర్డ్‌నే తిట్టుకుని ఉంటారు.

పెద్దాయన ప్రైవేటు విండో తెరిచారు. పాస్‌వర్డ్ కొట్టారు. ఫోన్‌కి వచ్చిన నంబరూ కొట్టారు. చక్రం తిరిగింది. ఎర్రగా మెరిసింది. మొదటి పేజీ.

'ఆ ఎర్ర అక్షరాలేంటి సార్?'

'చదివేలోపే పోతున్నాయమ్మా.'

'ఈసారి ఫోన్‌తో వీడియో తీయండి. తర్వాత ఆపి చదవచ్చు.'

కుర్రాడు వీడియో తీశాడు. ఆపి చూశారు. 'యూజర్ నాట్ ఫౌండ్' అని ఉంది. కింద టైము. అమ్మాయి ఆ టైము పట్టుకుని సర్వర్ రికార్డుల్లోకి వెళ్లింది. వేలాది వరసల్లో కావాల్సిన వరస దొరకాలంటే అన్నిటికంటే ముందు కావాల్సింది సరైన టైమే.

ఆ ఎర్ర అక్షరాలకు అర్థం ఒక్కటే. సంతకం సరే, గడువు సరే. చీటీలో ఉన్న పేరు గలవాడు మాత్రం మా రిజిస్టర్లో లేడు!

'ఐ' పోయి 'వై' వచ్చె

'సార్... ఈ మధ్య మీ పేరు ఏమైనా మార్చారా?'

పెద్దాయనకు చప్పున గుర్తొచ్చింది. ఆయన పేరు చివర 'మూర్తి' అని ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో ఇంగ్లిషు స్పెల్లింగు చివర 'వై'. ఉద్యోగంలో చేరిన రోజున ఎవరో గుమాస్తా 'ఐ' అని రాశాడు. 30 ఏళ్లు అలాగే నడిచింది. రిటైర్మెంట్ దగ్గరపడుతోంది, పీఎఫ్ డబ్బు దగ్గర పేరు తేడా వస్తే ఇబ్బందని గత నెలే అర్జీ పెట్టుకుని సరిచేయించుకున్నారు. హెచ్ఆర్ విభాగం పేరు మార్చింది. పేరుతోపాటు మెయిల్ ఐడీ కూడా మారింది. గుర్తింపు సర్వర్ ఆరోజు నుంచీ చీటీలో 'వై' అనే రాస్తోంది. జీతాల సాఫ్ట్‌వేర్ రిజిస్టర్లో మాత్రం ఇంకా 'ఐ' అనే ఉంది. నెలకోసారి ఆమోదం ఇచ్చేటప్పుడే ఆయనకు దాంతో పని. అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు.

రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా పేరుండి కౌంటర్ల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు. మనకు 'మూర్తి' ఒక్కటే. మెషీన్‌కి 'ఐ' మూర్తి వేరు, 'వై' మూర్తి వేరు.

అడ్డదారులు మూడు

గడియారం ముల్లు అయిదు దాటింది. కారణం తెలిసింది. కానీ తొందర ఉన్నచోట అడ్డదారులు కూడా ఉంటాయి.

మేనేజర్ మొదటి దారి చెప్పాడు. 'ఈ ఒక్కరోజుకి కుర్రాడికే ఆమోదించే అధికారం ఇచ్చేయండి.' పెద్దాయనే ఒప్పుకోలేదు. 'లెక్క రాసినవాడే సరిచూసుకుంటే ఇక సరిచూడటం ఎందుకు సార్? తప్పు జరిగితే పిల్లాడి మెడకు చుట్టుకుంటుంది.'

రెండోది, పై అధికారి పాస్‌వర్డ్ అడిగి తీసుకుని పని కానిచ్చేయడం. దానికీ ఆయన తల అడ్డంగానే ఊపారు. అప్పుడు రికార్డులో ఉండే పేరు ఒకరిది, పని చేసిన చేయి మరొకరిది.

మూడోది జీతాల సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లు ఫోన్‌లో చెప్పారు. 'వైతో కొత్త యూజర్‌ని సృష్టిస్తే పది నిమిషాల్లో అయిపోతుంది.' వినడానికి బాగానే ఉంది. అమ్మాయి వద్దంది. కొత్త యూజర్‌కి పాత అధికారాలు ఉండవు. ఆయన ఇచ్చిన పాత ఆమోదాలన్నీ ఒక పేరున, ఇకమీదటివి మరో పేరున ఉంటాయి. ఒకే మనిషి ఇద్దరైపోతాడు. ఆడిట్ రోజున ఆ రెండో మూర్తి ఎవరని అడిగితే జవాబు ఎవరు చెప్పాలి?

ఆమె నాలుగో దారి పట్టింది. పాత ఖాతానే ఉంచి, అందులో లాగిన్ పేరు మాత్రం మార్చాలి. అలాగని ఫోన్‌లో చెబితే మార్చేయకూడదు. 'నా మెయిల్ మారింది, మార్చండి' అని మోసగాడు కూడా అడగగలడు. అందుకే ఉద్యోగి నంబరు సరిచూసింది. పేరు మార్పు నిజమేనని హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా మెయిల్ తెప్పించింది. దాన్ని జతచేసి జీతాల సాఫ్ట్‌వేర్ బాధ్యుడికి పంపింది. ఇందులో 20 నిమిషాలు గడిచాయి. పెద్దాయన గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. లైన్ మాత్రం ఆమె కట్ చేయలేదు.

అయిదూ ముప్పై అయిదు. 'ఇప్పుడు చూడండి సార్.'

నొక్కారు. చక్రం తిరిగింది. ఎర్రగా ఏమీ మెరవలేదు. జీతాల పట్టిక తెరుచుకుంది.

తొందరున్నా ఆయన మొత్తాలన్నీ ఒకసారి సరిచూశాకే ఆమోదం నొక్కారు. అప్పటికి అయిదూ యాభై. ఫైలు వెళ్లినట్టు తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చాక ఫోన్‌లో మెల్లగా అడిగారు... 'తప్పు నాదేనా తల్లీ? పేరు మార్పించుకోకుండా ఉండాల్సిందా?'

'మీ పేరు మీరు సరిగ్గా రాయించుకోవడం తప్పెలా అవుతుంది సార్? అది నాలుగుచోట్లా మారేలా చూసుకోవాల్సింది మేం.'

మీకూ ఇలా జరిగితే...

ఆ అమ్మాయి ఆ మాటతో ఊరుకోలేదు. మారే అవకాశమున్న మెయిల్ ఐడీని కాకుండా, ఎప్పటికీ మారని ఉద్యోగి నంబరును చీటీలో రాసే ఏర్పాటు చేయాలని పైవాళ్లకి నోట్ పెట్టింది. దానికి ఇంకో లాభం కూడా ఉంది. ఎవరైనా ఉద్యోగం మానేశాక అదే మెయిల్ ఐడీ అదే పేరున్న కొత్త ఉద్యోగికి ఇస్తే, పాతవారి ఖాతా తలుపులు కొత్తవారికి తెరుచుకునే ప్రమాదం తప్పుతుంది. వెతికితే పెద్దాయనలాంటివాళ్లు ఇంకొందరు బయటపడ్డారు. అందులో ఎక్కువమంది పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న అమ్మాయిలు. నెల తిరిగేసరికి అందరికీ నంబరు పద్ధతే వచ్చింది.

ఆఫీసులో లాగిన్ మొరాయిస్తే ఎవరికైనా పనికొచ్చే సంగతులు ఈ కథలోనే ఉన్నాయి. పదేపదే పాస్‌వర్డ్ కొట్టొద్దు, కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత ఖాతానే తాళం పడిపోవచ్చు. మిగతా సాఫ్ట్‌వేర్లు తెరుచుకుంటున్నాయో లేదో, పక్కవారికి తెరుచుకుంటోందో లేదో చూడండి. ఈ రెండు ప్రశ్నలతోనే సగం దారి తేలిపోతుంది. ప్రైవేటు విండోలో ఓసారి ప్రయత్నించండి. తెర మీది మాటలను, టైముతో సహా ఫొటో తీయండి. ఫోన్‌లోని యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్ ఒప్పుకోకపోతే ఫోన్ గడియారం సరిగ్గా ఉందేమో చూసుకోండి. చాలా యాప్‌లలో ఆ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, అదీ గడియారాన్ని బట్టే. ఈమధ్య పేరో, మెయిలో, విభాగమో మారి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం ఎంత సాయం చేసేవారికైనా చెప్పొద్దు. నిజంగా సాయం చేసేవారు అవి అడగరు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగిన కార్మికులు క్యాంటీన్‌లో టీ తాగుతుంటే ఒక్కొక్కరి జేబులో ఫోన్ టింగుమంది. జీతం పడింది. మధ్యలో ఓ గంటన్నర ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

పెద్దాయన సొరుగు తీసి, పేజీలు చింపేసిన ఆ చిన్న డైరీ బయటకు తీశారు. మిగిలిన తెల్ల కాగితం మీద ఒక్క వాక్యం రాసుకున్నారు.

'ముందు ఎర్ర అక్షరాలు చదవాలి.'

రాజీనామా ఆలోచన మళ్లీ రాలేదు. 14 నెలల సర్వీసు ఇంకా అలాగే ఉంది.